షోరూమ్ కండిషన్

పాత మోటారుసైకిళ్లు అమ్మేవాళ్ల మాటల్లో నాకు ఒళ్లు మండేది ఒకటుంది: ‘షోరూమ్ కండిషన్’. ఎప్పటి జావాకి ఎక్కడి షోరూమండీ! 1961 నుంచి జావాలు, ఆ తర్వాత యెజ్డీలు చేసిన మైసూరు ఫ్యాక్టరీయే 1996లో మూతపడింది. తీరా వెళ్లి చూస్తే తళతళలాడే రంగు, హెడ్‌లైటులో ఎల్‌ఈడీ, ఎక్కడిదో హ్యాండిలు. ధర మాత్రం లక్షల్లో. ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

మా మేనమామ యెజ్డీ ఊళ్లో పొగాకు బ్యారన్‌లో ఉండిపోయింది. పొగాకు వేయడం మానేశాక బ్యారన్ సామాన్ల కొట్టయింది. బండి మీద గోనెలు, గోనెల మీద విరిగిన మంచం. మామయ్య పోయాక చాలాకాలం అత్తయ్య ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. చివరికి ఆవిడే, “తీసుకుపోయి అమ్మిపెట్టు నాయనా, చోటన్నా కలిసొస్తుంది” అంది.

అలా పడివున్న బండిని చూడగానే కిక్కు కొట్టకూడదు. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో కాస్త డీజిలూ ఆయిలూ పోసి నాననివ్వాలి. పిస్టన్ పట్టేసి ఉంటే, బలం చూపించినవాడికి రింగులు విరుగుతాయి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురుకట్టి కార్బొరేటరు జెట్లు మూసుకుపోతాయి. టూస్ట్రోకు ఇంజనులో క్రాంకు సీళ్లు గట్టిపడితే అడ్డదారిన గాలి పీల్చుకుని ఊరికే అరుస్తుంది. వైర్ల పని ఎలుకలు ఎప్పుడో పూర్తిచేసి ఉంటాయి. ఇవి మార్చాల్సినవే. టైర్లు, కేబుళ్లు, బ్రేకు లైనర్లు కూడా కొత్తవే వేయాలి. అది ప్రాణానికి సంబంధించిన సంగతి.

రంగు జోలికి మాత్రం పోకూడదు! వెలిసిపోతే వెలిసిపోనీ. మద్రాసు తిరువొత్తియూరులో బుల్లెట్ ట్యాంకుల మీద బంగారు గీతలు కుంచె పట్టి చేత్తోనే గీసేవారు. వాటి మీద స్ప్రే కొట్టడానికి చేతులెలా వస్తాయో! మా ఊరి పెయింటరు ఒకాయన చక్కటి ముదురెరుపు జావాని చిలకపచ్చ మెటాలిక్ చేసి, పైగా నన్ను పిలిచి చూపించాడు. అప్పట్నుంచీ ఆ వీధిలో నడవను. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో కూడా 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికే వింటేజ్ గుర్తింపు. ప్రభుత్వానికీ నాకూ అభిప్రాయం కలిసింది ఈ ఒక్క విషయంలోనే.

అమ్మకం దగ్గర అసలు తంతు కాగితాలది. ఆర్‌సీ మామయ్య పేరున ఉంది. ముందు ఫారం 31తో అత్తయ్య పేరుకు మారాలి, ఆ తర్వాత 29, 30తో కొన్నవాడికి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే అంకెలు ఒక్కొక్కటే తేలుతాయి. అవి ఆర్‌సీతో కలిసిన తుప్పుబండి, కాగితాల్లేని మెరుపుబండి కన్నా ఎక్కువ పలకాలని నా లెక్క. బజారు లెక్క వేరు. హోటలాయన ఒకడు వచ్చి, “ఇంజను తిరక్కపోయినా పర్లేదు సార్, గోడకి బిగిస్తాం” అన్నాడు. మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపేశాను. చివరికి తీసుకున్న కుర్రాడు ధర అడగకముందే గేరు రాడ్డు లోపలికి నొక్కి, పైకి తిప్పి కిక్కు కొట్టాడు. యెజ్డీలో రెండూ ఒకటే రాడ్డు. తెలిసినవాడే. బేరం నేనే తగ్గించాను.

“ట్యాంకు మూత చుట్టూ రంగు పోయిందేంటి సార్?” అన్నాడు. అది మామయ్య పనే. పెట్రోల్లో ఆయిల్ కలపడం బంకు కుర్రాళ్లకి వదిలేవాడు కాదు. లీటరుకు 40 మిల్లీలీటర్లని ఆయన పట్టుదల. ఆయిల్ డబ్బా సంచీలో ఉండేది, కొలత దగ్గుమందు సీసా మూతతో. చుక్క ఎక్కువైతే పొగ, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుందని బంకులో అందరికీ పాఠం చెప్పేవాడు. వెనకాల లారీలు హారన్లు కొడుతున్నా సరే. పోశాక మూత బిగించి, ఆయిల్ బాగా కలవాలని బండిని అటూ ఇటూ ఊపేవాడు. వెనక సీటు మీద అత్తయ్య కూర్చునే ఉండేది. దిగమనాలని ఆయనకి ఎన్నడూ తోచలేదు. పట్టుచీర కట్టుకుని పెళ్లికి బయల్దేరినా ఇదే వరస. ఇప్పుడు ఆవిడ ఒంగోలుకు బస్సులో వస్తుంది. కార్లో తీసుకొస్తానంటే, దారిలో బంకు దగ్గర ఆపనని ముందు మాటివ్వమంటుంది.