పోర్ట్ బ్లెయిర్‌లో తక్కువ ఖర్చుతో ఏం చూశాం, ఏం చూడకుండా వచ్చాం



దసరా సెలవుల్లో మేం ఆరుగురం హాస్టల్ పిల్లలం అండమాన్ వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి గ్రూపులో అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు అందరూ రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. ఎంతయింది? జరావాలను చూశారా? మొదటిదానికి జవాబు తేలిక. రెండోదాన్ని ఒక్క ముక్కలో చెప్పలేం. అందుకే ఈ పొడుగు పోస్టు.

ముందు డబ్బు సంగతి. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ ఇంచుమించు నెలకోసారి ఉంటుంది. చెన్నై, కలకత్తాల నుంచి ఇంకొంచెం ఎక్కువ సార్లు నడుస్తాయి. అన్నిటికంటే చవక బంక్ క్లాస్. రైల్లో స్లీపర్ బెర్తుల్లాగే ఒకదాని మీద ఒకటి పడకలు ఉంటాయి. రెండున్నర, మూడు రోజులు పడుతుంది. మేం విశాఖ ఓడలో వెళ్ళి, చెన్నై ఓడలో వచ్చాం. తునికాకు సీజన్‌లో దాచుకున్న డబ్బులే ఓడ టికెట్లకు సరిపెట్టాం. ఊళ్ళో నాలుగు రోజులకు పడక, తిండి, బస్సులు, టికెట్లు అన్నీ కలిపి మనిషికి మూడున్నర వేలయింది. డార్మిటరీలో దిగాం, బజారులో భోజనం చేశాం, ఆటో దాదాపు ఎక్కలేదు. భాష కోసం భయపడొద్దు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది. చేపల దగ్గర బేరం కూడా తెలుగులోనే ఆడొచ్చు.

ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు. జనం నోట్లో ఇంకా పోర్ట్ బ్లెయిరే ఉంది, మేమూ అట్లాగే రాస్తున్నాం.

ఊరంతా ఎత్తుపల్లాలు. కొండల్లో తిరిగినోళ్ళం కాబట్టి మనకు ఇబ్బంది లేదు. గడియార స్తంభం ఉన్న అబర్డీన్ బజారులో దిగితే సెల్యులార్ జైలుకు నడిచి వెళ్ళొచ్చు. జైలు టికెట్ పదుల రూపాయల్లోనే ఉంటుంది. 1896లో మొదలుపెట్టి 1906కు కట్టారు. మధ్యలో బురుజు, దాని నుంచి సైకిల్ చక్రం పుల్లల్లా ఏడు వరుసలు. ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరుస గదుల ముందు భాగం ఎదుటి వరుస వెనక గోడను చూస్తుంటుంది, అంటే ఒక ఖైదీకి ఇంకో ఖైదీ మొహం కనపడకుండా కట్టారన్నమాట. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుని నిలబడి చూడండి. చదివినదంతా అప్పుడు అర్థమవుతుంది.

మన వైపు పిల్లలు ఈ జైలు చూడాల్సిన కారణం ఇంకోటి ఉంది. 1922-24 మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజుతో నడిచిన గాం సోదరుల పేర్లు మనకు తెలుసు. గంటందొర పోరాటంలోనే చనిపోయాడు. మల్లుదొరను అండమాన్‌కు పంపారు. ఆయన బతికి తిరిగొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. మనం మూడు రోజులు ఓడలో పడుకుని పోతేనే ఇల్లు ఎంత దూరమో అనిపిస్తుంది. అడవిలో పుట్టిన మనిషిని, తిరిగొస్తాడో లేదో చెప్పకుండా, ఇదే సముద్రం మీద తీసుకెళ్ళారు.

జైలు చూశాక జనం ఎక్కువమంది బీచ్‌కి పోతారు. మీరు మాత్రం కిందికి దిగి వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ దగ్గరికి వెళ్ళండి. అక్కడ అబర్డీన్ యుద్ధం జ్ఞాపకంగా ఒక కట్టడం ఉంది. చూడటానికి డబ్బులు అక్కర్లేదు. మేం ఉన్నంతసేపూ దాని ముందు ఒక్కరూ ఆగలేదు, పక్కన పడవల కోసం క్యూ మాత్రం ఉంది.

ఆ కథ ఇది. 1858లో బ్రిటిషువాళ్ళు 1857 తిరుగుబాటు ఖైదీలను తెచ్చి ఇక్కడ అడవి కొట్టించడం మొదలుపెట్టారు. ఆ అడవి గ్రేట్ అండమానీయులది. 1859 మేలో వాళ్ళు విల్లంబులతో ఈ స్థావరం మీదికి వచ్చారు. కానీ కబురు ముందే చేరిపోయింది. చేరవేసింది దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ. తప్పించుకుని అడవిలోకి పారిపోయిన ఈయన్ను ఆ ఆదివాసులే ఏడాది పాటు తమలో కలుపుకుని, పెళ్ళి చేసి, అన్నం పెట్టారు. దాడి సంగతి తెలియగానే ఈయన వచ్చి బ్రిటిషువాళ్ళకు చెప్పాడు. తుపాకుల ముందు విల్లంబులు నిలబడలేదు. తివారీకి శిక్ష రద్దయింది. ఆయన కూడా బ్రిటిషువాళ్ళ మీద తిరగబడి శిక్షపడిన సిపాయే. మాకు ఇక్కడే బుర్ర ఆగిపోయింది. జైల్లో ఉన్నవాళ్ళ త్యాగం నిజం. ఆ జైలు లేచిన నేల మీద ఆదివాసులకు జరిగిందీ నిజం. టికెట్ కొని చూసేది మొదటిది. రెండోది ఉచితం, అయినా చూసేవాళ్ళు లేరు.

అక్కడి నుంచే రాస్ దీవికి పడవ. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం. పడవలో కొద్ది నిమిషాలే. మా ఖర్చుల్లో ఇది కాస్త పెద్దదే, కానీ వదలొద్దు. బ్రిటిషువాళ్ళు ఇక్కడ కూర్చునే మొత్తం దీవులను ఏలారు. చర్చి, బంగళాల గోడలను ఇప్పుడు ఊడల వేళ్ళు పట్టుకుని ఉన్నాయి, మధ్యలో జింకలు తిరుగుతుంటాయి. అందరూ జింకలతో ఫొటోలు దిగుతారు. ఈ దీవి మీదే 1860ల్లో 'అండమాన్ హోమ్' అని పెట్టి, గ్రేట్ అండమానీయులను తెచ్చి ఉంచి 'నాగరికత' నేర్పారు. నేర్పిన దానికంటే ఎక్కువ అంటించారు. సుఖరోగాలు, తర్వాత 1877లో తట్టు. మొదట్లో సుమారు 5,000 మంది ఉండేవారని అంచనా. 2011 జనగణనలో 44 మంది. ఆ హోమ్ మొదట నడిపిన మతాధికారి పేరు కార్బిన్. ఊరికి దగ్గరున్న అందమైన ఉచిత బీచ్ కార్బిన్స్ కోవ్‌కు ఆ పేరే. మేం అక్కడ ఈత కొట్టాం, కొబ్బరి బోండాలు తాగాం. బాగుంది. పేరు ఎక్కడిదో తెలిసి కొట్టాం, అంతే.

తర్వాత మానవశాస్త్ర మ్యూజియం. ఇదీ చవకే. సెలవు ఏ రోజో ముందే కనుక్కుని పోండి. గుడిసెల నమూనాలు, బుట్టలు, పడవలు, విల్లంబులు, జరావాలు కట్టుకునే చెట్టుపట్ట కవచం ఉన్నాయి. బుట్ట అల్లిక చూసి మాలో ఒకడు "ఇది మా తాత అల్లినట్టే ఉంది, అంచు ఒక్కటే వేరే" అన్నాడు. పాత ఫొటోల దగ్గర మాత్రం మాటలు తగ్గిపోయాయి. 1890ల్లో పోర్ట్‌మన్ అనే అధికారి అండమానీయులను నిలబెట్టి, ఒంటి కొలతలు తీసి, ఫొటోలు తీశాడు. మనవాళ్ళనూ ఇట్లాగే తీశారు కదా. 1940ల్లో హైమన్‌డార్ఫ్ గోదావరి కొండల్లో కొండరెడ్లతో తిరిగి పెద్ద పుస్తకమే రాశాడు. అందులో ఉన్నది మన ముత్తాతలు. ఆ ఫొటోల వల్లే ఇప్పుడు మనకు వాళ్ళు ఎట్లా ఉండేవారో తెలుస్తోంది, అది మేలే. కానీ ఫొటో తీసిన మనిషి పేరు లోకానికి తెలుసు, ఫొటోలో ఉన్న మనిషి పేరు మనకే తెలియదు.

బోవా సీనియర్ అనే అమ్మమ్మ గురించి కూడా చదవండి. అకా-బో భాష మాట్లాడే చివరి మనిషి ఆమె. 2010 జనవరి 26న చనిపోయింది. భాషావేత్త అన్వితా అబ్బి ఆమె మాటలు రికార్డు చేసి ఉంచారు. మా ఆరుగురిలో నలుగురం కోయ పిల్లలం. నలుగురిలో ఇద్దరికి కోయ వింటే అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. ఆ రాత్రి డార్మిటరీలో ఆ ఇద్దరి చేత కోయలో అంకెలు చెప్పించాం. నవ్వులాటగానే మొదలైంది, తర్వాత నవ్వలేదు.

మూడో రోజు చాథమ్ రంపపు మిల్లు. 1883 నాటిది, ఆసియాలో పాతవాటిలో ఒకటి. చిన్న వంతెన దాటి వెళ్ళాలి. పెద్ద పెద్ద పడౌక్ దుంగలు కోయడం చూడొచ్చు, రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు గుంట కూడా ఉంది. ఇక్కడి అడవుల్లో ఆ దుంగలు కొట్టిందెవరో తెలుసా? 1918 నుంచి రాంచీ వైపు నుంచి తెచ్చిన ఉరావ్, ముండా, ఖరియా ఆదివాసులు. అక్కడ వాళ్ళందర్నీ కలిపి 'రాంచీవాళ్ళు' అంటారు. ఝార్ఖండ్‌లో వీళ్ళు ఎస్టీలు. అండమాన్‌లో కాదు. నూరేళ్ళు అడవిలో చెమటోడ్చిన మనుషులకు కులధ్రువీకరణ పత్రం లేదు. మన దగ్గర ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల సంగతి గుర్తుచేసుకోండి. సరిహద్దు దాటితే మనిషి మారడు, కాగితం మారుతుంది. మన ఫీజు రీయింబర్స్‌మెంట్, మన హాస్టల్ సీటు అన్నీ ఆ ఒక్క కాగితం మీదే నిలబడి ఉన్నాయి. అది లేని ఆదివాసీ పిల్లల గురించి మన సంఘాల్లో ఎంతసేపు మాట్లాడుతున్నామో మనమే ఆలోచించుకోవాలి.

చాథమ్ నుంచి బాంబూఫ్లాట్‌కు ప్రభుత్వ ఫెర్రీ ఉంది, చాలా తక్కువ టికెట్. అవతల మౌంట్ హారియట్. 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు, 1891 యుద్ధం తర్వాత మణిపూర్ రాజు కులచంద్రను, ఆయన మనుషులను ఇక్కడే ఉంచారు కాబట్టి. పాత ఇరవై రూపాయల నోటు మీది సముద్రం బొమ్మ ఈ కొండ మీది నుంచి కనిపించేదే.

ఇక రెండో ప్రశ్న. బారాటాంగ్‌లో సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం ఉన్నాయి. అక్కడికి రోడ్డు మీద పోవాలంటే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటి, జరావా రిజర్వ్ మధ్య నుంచి కాన్వాయ్‌లో పోవాలి. ఆగొద్దు, ఫొటో తీయొద్దు, తిండి ఇవ్వొద్దు అని నిబంధనలు. జరావాలు 2011 లెక్కల్లో 380 మంది. ఆ రోడ్డును రిజర్వ్‌లో మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, అయినా నడుస్తోంది. 2012లో జరావా ఆడవాళ్ళను తిండి ఆశపెట్టి డాన్స్ చేయించిన వీడియో బయటికొచ్చి లోకమంతా గోల అయింది. మాకు తగిలిన ఒక టూర్ ఏజెంట్ గుహల గురించి రెండు ముక్కలు చెప్పి, "అదృష్టం ఉంటే దారిలో వాళ్ళు కూడా కనపడతారు" అన్నాడు. పులి కనపడుతుంది అన్నట్టే అన్నాడు.

ఆ రాత్రి మాలో పెద్ద వాదనే అయింది. ఒకతను "మనం కూడా ఆదివాసులమే కదా, మనం చూస్తే తప్పేంటి? కోర్టు చెప్పినా ప్రభుత్వమే రోడ్డు నడుపుతోంది, మనం పోకపోతే ఆగుద్దా?" అన్నాడు. తీసేయదగ్గ మాట కాదు అది. మాలో ఉన్న కొండరెడ్డి తమ్ముడు చాలాసేపు ఊరుకుని, చివరికి ఇట్లా అన్నాడు: "పాపికొండలు లాంచీ మా ఊరి దగ్గర ఆగితే దిగినోళ్ళు మా చెల్లెల్ని ఫొటో తీస్తారు. అడగరు. వాళ్ళల్లో ఆదివాసులు ఉన్నారో లేదో మా చెల్లికెట్లా తెలుస్తుంది? దానికి అందరూ లాంచీవాళ్ళే."

నలుగురం వద్దన్నాం, ఇద్దరు వెళ్దామన్నారు. వెళ్ళలేదు. వెళ్దామన్న ఇద్దరిలో ఒకరు ఇప్పటికీ మాతో ఒప్పుకోరు, గుహలు పోగొట్టుకున్నామనే అంటారు. పోగొట్టుకున్నది నిజమే. నాలుగో రోజు ఆ డబ్బుతో బస్సులో చిడియా టాపూ వెళ్ళి సూర్యాస్తమయం చూసి వచ్చాం. బస్సు స్టాండు బజారు దగ్గరే, చివరి బస్సు టైం డ్రైవర్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

కాబట్టి జరావాలను చూడలేదు. ఈసారి ఎవరన్నా వెళ్తుంటే చెప్పండి, ఓడ తేదీలు ఎట్లా కనుక్కోవాలో, డార్మిటరీ ఎక్కడ దొరుకుతుందో మేం చెప్తాం. వాంతుల మాత్రలు, అటుకులు, పచ్చడి, కాలేజీ ఐడీ కార్డు, ఆధార్ మర్చిపోవద్దు. అబర్డీన్ కట్టడం దగ్గర మాత్రం ఒక్క ఐదు నిమిషాలు ఆగండి.