చప్పుడు చేసే తుపాకి

తుపాకి పేలినప్పుడు మనకు వినిపించేది ఒక్క చప్పుడు కాదు. గొట్టం మూతి దగ్గర మందు వాయువులు ఒక్కసారిగా బయటపడే 'ఢాం' ఒకటి. ధ్వనికంటే వేగంగా పోయే గుండు దారిపొడవునా చేసే 'ఫట్' రెండోది. మొదటిదాన్ని సైలెన్సర్ తగ్గిస్తుంది. రెండోదాన్ని ఏ సైలెన్సరూ ఏమీ చేయలేదు, అది పుట్టేది తుపాకిలో కాదు, గాలిలో. 1887లో ఎర్నస్ట్ మాఖ్, పీటర్ సాల్చర్ ప్రచురించిన ఫోటోల్లో పడవ ముందు నీళ్ళు విచ్చుకున్నట్టు గుండు ముందు గాలి విచ్చుకుని కనిపిస్తుంది. మన సినిమాల్లో విలన్ సైలెన్సర్ బిగించి 'ఫిట్' అనిపిస్తాడు చూడండి, అది చాలావరకు సౌండ్ ఇంజనీర్ దయ.

ఆ రెండో చప్పుడు పోవాలంటే ఒకటే దారి, గుండు ధ్వనికంటే నెమ్మదిగా పోవాలి. వాటిని సబ్‌సోనిక్ తూటాలంటారు. అమెరికాలో ఇలాంటివి ఇంట్లో సొంతంగా తయారుచేసుకుని, ప్రతి కాల్పు వేగాన్నీ క్రోనోగ్రాఫ్‌తో కొలిచి, నోట్‌బుక్‌లో రాసుకునే వాళ్ళున్నారు. నేను రాత్రిపూట వాళ్ళ వీడియోలు చూస్తుంటాను. తుపాకుల మీద మోజేం లేదు. పగలంతా లాగ్ ఫైళ్ళు చదివేవాడికి ఆ నోట్‌బుక్‌లు నచ్చుతాయి, అంతే. ఒకటి మార్చు, మిగతావి కదిలించకు, ఏమైందో రాసుకో. మా టీమ్‌లో ఈ బుద్ధి సగం ఉన్నా నా శుక్రవారం రాత్రులు నాకు మిగిలేవి.

ఈ ఆటలో నాకు బాగా నచ్చినది ఎండ పాత్ర. ధ్వని వేగం వేడిని బట్టి మారుతుంది. 15 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 340 మీటర్లు, 43 డిగ్రీల దగ్గర 357. అంటే సెకనుకు 348 మీటర్ల వేగంతో పోయే గుండు డిసెంబరు తెల్లవారుజామున నల్లమల అంచున దిగువమెట్టలో ఫట్‌మంటుంది, మే నెల మధ్యాహ్నం మార్కాపురం పలకల గనుల దగ్గర అనదు. (ఎండకు మందు కూడా కాస్త ఊపెక్కువ ఇస్తుంది, కాబట్టి లెక్క ఇంత శుభ్రంగా తేలదు. ఊహ మాత్రం బాగుంది.) ఒలింపిక్స్ 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో, మన హైదరాబాద్ గగన్ నారంగ్ రియోలో ఆడిన పోటీ అదే, మామూలుగా ఈ నెమ్మది తూటాలే వాడతారు. కారణం రహస్యం కాదు, గురి. ధ్వని వేగాన్ని దాటి మళ్ళీ కిందికి దిగేటప్పుడు గుండు కుదుపుకు లోనవుతుంది.

ఇవన్నీ చూస్తూ చూస్తూ ఉండగా ఒకరోజు తట్టింది, మా ఇంట్లో ఉండిన తుపాకి పని సరిగ్గా దీనికి ఎదురు అని.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. తాతకు నాటు తుపాకి ఉండేది, మూతిలోంచి మందు కూరి పేల్చేది. దొంగది కాదు, పంట కాపలాకి లైసెన్సున్నది. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదులు మడతపెట్టి పట్టాదారు పాసుపుస్తకంలో దాచేవాడు. కోతల ముందు నెలరోజులూ రాత్రిళ్ళు చేలో మంచె మీదే పడక. సజ్జ చేలోకి అడవిపందుల గుంపు దిగిందంటే తెల్లారేసరికి చేను దున్నినట్టుంటుంది. కొరికింది కొంచెం, తొక్కింది చాలా.

తాత ఆకాశంలోకి పేల్చేవాడు. గుండు వేయకుండా ఉత్త మందుతోనే ఎన్నోసార్లు. పందిని ఎందుకు కొట్టవని అడిగితే, "కొట్టేదానికి కాదురా, ఇక్కడ మనిషుండాడని దానికి తెలియాల" అన్నాడు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అనుమతి లేకుండా పందిని చంపడం నేరం. తర్వాత మా వెనకున్న అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగమైంది. కాబట్టి తాత తుపాకికి మిగిలిన పని నిజంగా చప్పుడొక్కటే.

1959 ఆయుధాల చట్టం తీసి చదివితే తమాషాగా ఇదే కనిపిస్తుంది. తుపాకి చప్పుడునీ మెరుపునీ తగ్గించే పరికరాన్ని ఆ చట్టం తుపాకి నిర్వచనంలోనే కలిపేసింది. సైలెన్సర్ ఉంటే చాలు, అదే తుపాకి. లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమూ నేరమే. అదే చట్టం, 13వ సెక్షన్లో, నిజంగా పంట కాపలాకే అయితే మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలంటుంది. చప్పుడు లేనివాడిని అనుమానించి, చప్పుడు చేసేవాడిని నమ్మింది. చట్టాల్లో ఇంత ఇంగితం అరుదు.

బెంగళూరు వేటగాడు కెన్నెత్ అండర్సన్ మా రైలు దారిలోని దిగువమెట్ట, చెలమ స్టేషన్ల చుట్టుపక్కల పులుల గురించి రాశాడు. ఆయన పాయింట్ 405 వించెస్టర్ గుండు బయల్దేరేటప్పుడు ధ్వనికి దాదాపు రెండింతల వేగం. కానీ ఆయన కథల్లో బాగుండేది పేలుడు కాదు, దానికి ముందు గంటలకొద్దీ చెట్టు మీద వినడం. కొమ్మ విరగడం, దుప్పి అరవడం, అన్నీ ఆగిపోవడం. వేటగాడికి నిశ్శబ్దం కావాలి. మంచె మీది రైతుకు అక్కర్లేదు, అతను కనిపించాలి, వినిపించాలి.

తాత పోయాక లైసెన్సు ఎవరూ మార్పించుకోలేదు, తుపాకి స్టేషన్‌కి పోయింది. పందులు పోలేదు. కొందరు చేను చుట్టూ పాత చీరలు కడతారు. కొందరు రాత్రిపూట కరెంటు తీగ లాగుతారు. తీగ చప్పుడు చెయ్యదు. నాతో పదో తరగతి చదివినవాడొకడు మోటారు వేయడానికి పోతూ పక్క చేనివాళ్ళ తీగ తొక్కి అక్కడే పోయాడు. పొద్దున పాలకు పోయేవాళ్ళు చూసేదాకా ఎవరికీ తెలియలేదు. తీగ పెట్టినాయన వాళ్ళకు వరసకు మామే. రెండిళ్ళ మధ్యా ఇప్పటికీ మాటల్లేవు.

అది చూశాక మా చిన్నాయన తీగ జోలికి పోలేదు. బ్యాటరీ మైకు కొన్నాడు. కుక్కల అరుపులు పెట్టాడు, తర్వాత "హోయ్ హోయ్" అని తన గొంతే రికార్డు చేసి పెట్టాడు. పదిరోజుల్లో పందులకు ఆ గొంతు అలవాటైపోయింది. కిందటి నెల ఫోన్ చేసి, "నువ్వు కంప్యూటరోడివి గదా, తుపాకి చప్పుడు ఏదన్నా పంపరా" అన్నాడు. నేను దాచుకున్నవన్నీ చప్పుడు చెయ్యని తుపాకుల వీడియోలు. వెతికి వెతికి ఒక మందు కూరే తుపాకిది పట్టుకుని పంపించాను.

విని, మీ తాతది ఇంతకంటే లావుగా మోగేది అన్నాడు. అయినా అదే పెట్టుకున్నాడు.