మా ఇంటి సర్వరు

సర్వరంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే. హోటల్లో భుజాన తువ్వాలు వేసుకుని, "రెండిడ్లీ, ఒక వడ" అని కేక పెట్టేవాడు. అందుకే ఆరేళ్ళ క్రితం మా అబ్బాయి "అమ్మా, మనింట్లో సర్వర్ పెడుతున్నా" అన్నప్పుడు, మా అత్తగారు నాకంటే ముందే అందుకున్నారు. "ఇంట్లో సర్వరెందుకురా? వడ్డించడానికి మీ అమ్మ లేదూ?" అని.

తీరా చూస్తే అదొక నల్లపెట్టె. వాడు చదువుకునే రోజుల్లో వాడిన పాత కంప్యూటరే. అందులో రెండు కొత్త డిస్కులు బిగించి, సామాన్ల గదిలో బియ్యం డబ్బా పక్కన పెట్టి, బెంగుళూరు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఇంటిల్లిపాది ఫొటోలూ, పెళ్ళి వీడియోలూ, మావారి పెన్షను కాగితాలూ అన్నీ అందులోనే. "ఒక డిస్కులో పడ్డది రెండోదాంట్లోనూ పడుతుందమ్మా. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. నీకేం భయం లేదు" అన్నాడు. భయం లేదన్నాక ఆ వస్తువు సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి! శనివారం శనివారం దానిమీద దుమ్ము దులపడం తప్ప నేనేమీ చేసి ఎరగను.

అయితే అందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది వేరే ఉంది. మా అమ్మ పాడిన మంగళహారతులు. 1986లో మా అన్నయ్య టేపురికార్డరు తెచ్చి, అమ్మని పీటమీద కూచోబెట్టి, వద్దు మొర్రో అంటున్నా వినకుండా పట్టిన పదకొండు పాటలు. అమ్మ పోయి పద్ధెనిమిదేళ్ళయింది. అబ్బాయి ఆ పాటల్ని పెట్టెలోకి ఎక్కించాక, ఇంక ఇవెందుకని బూజుపట్టిన క్యాసెట్లన్నీ నా చేతుల్తోనే పాతసామాన్లవాడి తట్టలో పడేశాను. అప్పట్నుంచీ శుక్రవారం పొద్దున హారతి వేళకి టీవీలో అమ్మ గొంతు వినడం అలవాటయింది.

మొన్న శ్రావణ శుక్రవారంనాడు కర్పూరం వెలిగించి రిమోటు నొక్కాను. అమ్మ పలకలేదు. సామాన్ల గదిలోకి వెళ్ళి చూస్తే, పెట్టెలోంచి టిక్... టిక్... టిక్. కాసేపాగి మళ్ళీ టిక్.

మావారు వచ్చి చెవి ఆనించి, "బల్లి దూరిందేమోనోయ్" అన్నారు. తరవాత పాత రేడియో రోజులు గుర్తొచ్చాయి కాబోలు, దాని నెత్తిన ఒక్కటిచ్చారు. మూడుసార్లు ఆపి మూడుసార్లు పెట్టారు. ఫోనులో ఈ వైద్యం సంగతి చెప్పేసరికి మా అబ్బాయి కెవ్వుమన్నాడు.

"అమ్మా, ముందు దాన్ని ఆపెయ్! నాన్నని ముట్టుకోవద్దను!"

ఎందుకో వాడు చెప్పాక నాకు ఒళ్ళు జలదరించింది. మా డిస్కులో అద్దాల్లాంటి పళ్ళేలు నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయట. వాటిమీద ముల్లులాంటిదొకటి అటూ ఇటూ కదులుతూ చదువుతుందట. గ్రామఫోనులాగే కదా అన్నాను. కాదట. గ్రామఫోను ముల్లు పళ్ళేనికి తగలాలి, ఇక్కడ తగిలితే కొంప మునుగుతుంది. రెండింటి మధ్యా ఎడం వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదట. అలాంటిదాని నెత్తిన మావారి చెయ్యి! 1956లో ఐ.బి.ఎం. వాళ్ళు చేసిన మొట్టమొదటి డిస్కు యంత్రం టన్నుకి పైగా బరువుండేదట. యాభై పళ్ళేలూ కలిపి దాచింది 50 లక్షల అక్షరాలు. దాన్ని కొట్టి ఉంటే మావారి చెయ్యి వాచేది, యంత్రం నిక్షేపంలా ఉండేది.

"టిక్ టిక్ అంటే చాలావరకు డిస్కు పోయినట్టేనమ్మా" అన్నాడు అబ్బాయి నెమ్మదిగా.

"మరి రెండోది ఉందన్నావుగా?"

వాడు మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తట్టలో క్యాసెట్లు పడ్డ చప్పుడే చెవుల్లో.

మర్నాడు పెట్టెని పాత దుప్పట్లో చుట్టి, పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని పద్మారావునగర్‌లో ఆటో ఎక్కాను. సికింద్రాబాదులో కంప్యూటరుకి జబ్బు చేస్తే మాకు తెలిసిన పెద్దాసుపత్రి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు. అందరూ సి.టి.సి. అంటారు. జనరల్ బజారులో లేసులూ రిబ్బన్లూ వేలాడినట్టు అక్కడ వైర్లు వేలాడుతుంటాయి.

కౌంటరు వెనక కుర్రాడు మావాడికంటే చిన్నవాడు. "పరేషాన్ కావద్దు ఆంటీ, చూద్దాం" అన్నాడు. తీరా డిస్కు జోలికే పోలేదు. ముందు వైరు మార్చాడు. టిక్. తరవాత పెట్టెలో కరెంటిచ్చే డబ్బా ఉంటుందే, దాన్ని వదిలేసి తన బల్లమీది డబ్బాకి కలిపాడు. మా చిన్నప్పటి డాక్టరుగారూ అంతే. పెద్ద జబ్బు పేరెత్తేముందు, "రాత్రి ఏం తిన్నావు?" అనేవారు.

ఈసారి టిక్ లేదు. జుయ్యిమని సన్నటి చప్పుడు.

"ఈ డిస్కు మంచిగుంది ఆంటీ. కరెంటు డబ్బానే వీకైంది. తిరగడానికి బలం చాలక లేవబోయి పడుతోంది, మళ్ళీ లేవబోతోంది. ఆ చప్పుడే అది."

నాకు ప్రాణం లేచొచ్చింది. వాడి మొహం మాత్రం విప్పారలేదు. "కానీ రెండోది పోయింది. ఇప్పుడు కాదు, మార్చిలోనే. ఇందులో రాసుంది చూడండి. అప్పట్నుంచీ ఇదొక్కటే లాక్కొస్తోంది."

మార్చి నుంచి! పెట్టె ఊరుకోలేదట పాపం. మా అబ్బాయికి ఈమెయిల్ పంపుతూనే ఉందట, వాడు కాలేజీ రోజుల్లో వాడి వదిలేసిన చిరునామాకి. ఇంట్లో ఒక మనిషి మంచాన పడితే రెండో మనిషి ఇద్దరి చాకిరీ చడీచప్పుడూ లేకుండా చేసుకుపోతుంది. ఆవిడ కూడా కళ్ళు తిరిగి పడితేగాని ఎవరికీ పట్టదు. ఈ సంగతి నాకొకరు చెప్పాలా?

"బ్యాకప్ ఉందా ఆంటీ?"

"రెండు డిస్కులున్నాయిగా బాబూ!"

"అది బ్యాకప్ కాదు ఆంటీ. పొరపాటున ఒకదాంట్లో తుడిపేస్తే రెండోదాంట్లోనూ పోతుంది. పిడుగు పడితే రెండూ కలిసే పోతాయి. మూడు కాపీలుండాలి. రెండు రకాల వస్తువుల మీద. అందులో ఒకటి వేరే ఇంట్లో."

ఆటోలో తిరిగొస్తూ ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఇది మనకి తెలియని విద్యా? అమ్మ ఏటా ఆవకాయ పెట్టి ఒక జాడీ తనుంచుకుని, ఒకటి సామర్లకోటలో పెద్దక్కకీ, ఒకటి నాకూ పంపేది. ఒక్క ఇంట్లోనే రెండు జాడీలుంటే, వాన కురిసిన ఏడు రెండూ బూజు పడతాయి మరి. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడంటారు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో అరలో దాచారు. అయినా మనకి దక్కినవి అందులో సగం కూడా లేవు. రాగిరేకులకే ఆ గతి పడితే మా నల్లపెట్టె ఎంత!

కొత్త డబ్బా, కొత్త డిస్కు వేయించాం. పాటలు ఒక చిన్న డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెట్టాం. పెన్‌డ్రైవులో వేసి పెద్దక్కకి పంపాం. అది విని అక్క ఫోను చేసింది.

"అన్నీ బావున్నాయే. ఆఖరి హారతిలో చివరి చరణం లేదేం?"

చివరి చరణమా? టేపు అక్కడితో అయిపోయినట్టుంది. పాటే అయిపోయిందని నేనిన్నాళ్ళూ అనుకున్నాను. "అయ్యో, నాకొచ్చుగా" అని అక్క ఫోనులోనే అందుకుంది. అచ్చం అమ్మ గొంతే, కాస్త బొంగురు.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం అక్క దగ్గర ఒక్కో పాటా నేర్చుకుంటున్నాను. హారతి వేళకి టీవీ పెట్టకుండా నేనే పాడుతున్నాను. నా గొంతు విని మా అత్తగారు, "ఆ సర్వరే నయమే అమ్మాయ్" అంటున్నారు. అననివ్వండి. కరెంటు డబ్బా అక్కర్లేని కాపీ ఒకటి ఇంట్లో ఉండొద్దూ!