వేసవి మజిలీలకు పడకసంచి: ముస్తాబాదు నుండి కొండగట్టు దాక

వైశాఖమాసము వచ్చినదన్న మా ముస్తాబాదు ప్రాంతమున ఇంటిలోపల పండుకొనువారు తక్కువ. పగలెల్ల కాగిన గోడలు రాత్రి రెండుజాములు దాటినను వేడిమిని విడువవు. మిద్దెలపైనను వాకిండ్లలోను మంచములు వెలయును. తన వాకిట తాను పండుకొనుటకు ఆలోచన యక్కఱలేదు. ఊరువిడిచి మ్రొక్కుబడికో జాతరకో పోయి, పరులనడుమ ఆరుబయట రాత్రి గడపవలసి వచ్చినప్పుడే పడకనుగూర్చిన చింత కలుగును. ఆ చింత మగవారికి లేదు. తువాలు దులిపి పఱచుకొని చేయి తలక్రింద నుంచుకొన్నచో వారికి తెల్లవాఱును. ఆడుదానికి అట్లుకాదు. చీర తొలగునేమో, బిడ్డ దొర్లిపోవునేమో, మూట నెవరు లాగుకొందురోయని ఆమె కూర్చుండియే వేకువదాక కనిపెట్టుకొని యుండును. జాతరనుండి వచ్చిన యాడువారిని పలుకరించి చూడుడు: దర్శనము బాగుగనే యైనది, కన్నుమాత్రము మూయలేదందురు.

మా ముస్తాబాదు రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మండలకేంద్రము. 2016 అక్టోబరులో ఆ జిల్లా యేర్పడువఱకు మేము కరీంనగరము జిల్లావారము. జిల్లాపేరు మాఱినను మా మ్రొక్కులు మాఱలేదు. వేములవాడ రాజన్న యొకరు, కొండగట్టు అంజన్న యొకరు. 2023 మే 14వ తేదీన పెద్ద హనుమజ్జయంతి వచ్చినది. మా వీథి స్త్రీలైదుగురము కాలినడకను కొండగట్టు చేరవలెనని నిశ్చయించుకొంటిమి. పదేండ్ల మా యమ్మాయి నాతో నడచును. మోకాళ్ళనొప్పులు గల మా యత్తగారు బస్సులో వచ్చి ప్రతి మజిలీయందును మమ్ము కలిసికొందురు. మావారికి వేసవిసెలవులు గనుక పాడిబఱ్ఱెను కనిపెట్టుకొని యింటనుండుట కొప్పుకొనిరి. వారి పాఠశాల పిల్లలు వినిన నవ్వుదురేమో గాని, పాలు పిదుకుటలో వారి చేయి నాకంటె మేలు.

ఇక మోయవలసిన పడకమాట. ఇంటిలో నున్నవన్నియు ఒక పూట ముందువేసికొని చూచితిని. పాతచీరలు పొరలుగా కుట్టిన బొంత యున్నది. మెత్తనిదే గాని తూకము కలది, చెమటకు తడిసినచో ఒకదినమునకు గాని ఆఱదు. మఱది దుబాయినుండి తెచ్చిన రగ్గు యున్నది. మా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపున గల్ఫునకు పోయిన వారున్న ప్రతి యింటను అట్టి రగ్గొకటి పెట్టెలో నుండును. పులి బొమ్మయో గులాబి బొమ్మయో దానిపై నుండక మానదు. అది మాఘమాసమునకు వరము, వైశాఖమునకు శిక్ష. గొంగడి యున్నది. దక్కని గొఱ్ఱెల నల్లని ఉన్నితో కురుమలు నేసినది. పడుగునకు చింతగింజల గంజి పట్టించుటచేత బిఱుసుగా నుండును. గొల్లవాడు దానిని కొప్పెరగా మడిచి తలపై వేసికొని వానలో నిలిచినను లోనికి నీరు దిగుట కష్టము. నాకు గొంగడిమీద గౌరవము కలదు. కాని మే నెల రాత్రి ఒడలికి తగిలిన గఱగఱలాడును. వరంగల్లు శతరంజి క్రింద పఱచుటకు మంచిది. 2018లో దానికి భౌగోళికపు గుర్తింపు కూడ లభించినది. అయినను నడకదారిలో నెత్తిపై దాని బరువు బరువే.

పొరుగింటి చిన్నవాడు పట్టణపు టంగడిలో స్లీపింగు బ్యాగు దొరకునని చెప్పగా పోయి చూచితిని. వేయిన్ని రెండువందలు చెప్పిరి. పైన జాఱుడుగుడ్డ, లోపల కృత్రిమపు దూది, ప్రక్కను జిప్పు. అంగడివాడు 'మంచుకొండలకైనను పనికివచ్చు'నని మెచ్చుకొనెను. నాకు మంచుకొండలతో నేమి పని? ఆ మాటయే నన్ను ఆలోచింపజేసినది. వెచ్చదనమిచ్చునది దూదికాదు, దూదిపోగుల నడుమ కదలక నిలిచిన గాలి. మన శరీరపు వేడిమిని ఆ గాలి బయటికి పోనీయదు. రాత్రి చలి 10 డిగ్రీలైనప్పుడు ఇది మేలు. మా వైపున మే నెల రాత్రులందు గాలి అంతగా చల్లబడుట యరిది. అట్టి రాత్రి ఒంటివేడిమిని కట్టిపెట్టు సంచిలో పండుకొనుట పొయ్యిమీది కుండలో పండుకొన్నట్లే.

వానిపై అచ్చువేయు అంకెలనుగూర్చి ఒకమాట. ప్రమాణములను పాటించు సంచులపై రెండు ముఖ్యమైన అంకెలుండును. హాయిగా నిద్రించుటకు తగిన చలి యొకటి, ఓర్చుకొనదగిన చలి యొకటి. మొదటిదానిని లెక్కించుట సగటు స్త్రీ ననుసరించి, రెండవదానిని ముడుచుకొని పండుకొన్న సగటు పురుషు ననుసరించి. కనుక చలికాలమునకు కొనదలచిన సోదరీమణులు మొదటి అంకెనే చూడవలెను. అంగడివారు సాధారణముగా చిన్నదైన రెండవ అంకెను పెద్దయక్షరములతో చూపుదురు. అంకెలే లేని చవుక సంచిని చలికి నమ్మరాదు. బాతుఈకలు నింపినవి తేలికయైనను మిక్కిలి వెలగలవి, తడిసినచో ఉండగట్టి వెచ్చదన ముడిగిపోవును. వేసవికి వానియూసే వలదు.

ఈ సంచి యేదో క్రొత్తవింతయని యనుకొనవలదు. వేల్సుదేశమున న్యూటౌన్ అను ఉన్నిపట్టణమందు ప్రైస్ జోన్స్ అను వర్తకుడు 1876లో ఉన్నికంబళిని సంచివలె మడిచి పండుకొను విధమును కల్పించి రష్యా సైన్యమునకు వేలకొలది అమ్మెను. మన గొల్లవాని కొప్పెర యంతకు ముందటిదేయని నా నమ్మకము. అయినను కంబళి నేయు ఊరివాడు కంబళితోనే సంచి చేసెనుగదా! మరమగ్గముల సిరిసిల్ల మా ప్రక్కనుండగా మేము నూలుగుడ్డతో ఏల చేసికొనరాదు?

సిరిసిల్ల మగ్గములపై నేడు దిగునది ఎక్కువభాగము పాలిస్టరే. నూలు నేయు మగ్గములును గలవు, లోపావడాల గుడ్డ వానినుండియే వచ్చును. పాలిస్టరు చెమటను పీల్చదు. పైగా జాతరలో ప్రక్కవారి పొయ్యినుండి నిప్పురవ్వ తెగిపడినచో కరగి ఒంటికంటుకొనును. నూలుగుడ్డయు మండును గాని కరగి చర్మమును పట్టుకొనదు. కావున నూలే కావలెనని పట్టుపట్టి, తెల్లగుడ్డ నాలుగున్నర మీటర్లు కొనుటకు సిద్ధపడితిని. ఈలోపల మా యత్తగారు విషయము విని అడ్డుపడిరి.

"సంచిల పండుడేందే బిడ్డా? తెల్లగుడ్డల పీనుగను మూటగట్టినట్టు!"

ఆ మాటకు ప్రతిమాట లేదు. భర్తను సాగనంపిన యామె కన్నులకు తెల్లసంచి యెట్లు కనబడునో నాకు తెలియును. "రంగు మీరే చెప్పుండ్రి అత్తమ్మా" అంటిని. ఆమె కొంతసేపు పలుకక, పిదప "ఆకుపచ్చది తే" అనిరి. అంగడిలో ముదురాకుపచ్చ లంగాగుడ్డ మీటరు అరువదిరూపాయల చొప్పున దొరకినది. నాడా, దారముతో కలిపి ఒక్కొక్క సంచికి మూడువందలు దాటలేదు.

కుట్టు విధము సులభము. గజము పన్నాగల గుడ్డను నాలుగున్నర మీటర్లు తీసికొని సగమునకు మడవవలెను. అప్పుడు ఇంచుమించు ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు వచ్చును. మడత పాదములవైపు నుండవలెను. ఎడమప్రక్క పూర్తిగా కుట్టవలెను. కుడిప్రక్క పాదములనుండి నడుమువఱకే కుట్టి, పైభాగమున జానెడు జానెడు దూరమున నాడాలు పెట్టవలెను. ఉక్కబోసిన విప్పి దుప్పటివలె త్రోసివేయవచ్చును, తెల్లవాఱుజామున గాలి తిరిగిన ముడివేసికొనవచ్చును. క్రిందిపొరను పైపొరకంటె ఒక బెత్తెడు పొడవుగా విడిచి తలవైపు మడిచి కుట్టినచో విడిచిన రవికలను కుక్కి తలగడ చేసికొనవచ్చును. తూకము అరకిలో కంటె మించదు. లోపలివైపు ఱొమ్మునకు దగ్గఱగా చిన్నజేబు కుట్టుట మఱవవలదు. పుస్తెలతాడు, డబ్బులు అందులో నుంచి పైన పండుకొన్నచో ఎవరు లాగిన మెలకువ వచ్చును. మిగిలిన నలుగురికిని నా మిషనుపైననే కుట్టియిచ్చితిని.

మొదటి మజిలీ సిరిసిల్ల. బంధువుల మిద్దెపైన పండుకొంటిమి. మానేటివైపునుండి గాలి వచ్చినది గాని మగ్గముల టకటక రాత్రియెల్ల ఆగలేదు. పన్నెండుగంటల పని ముగించి యొకరు దిగగా మఱియొక రెక్కుదురు. మా యమ్మాయి ఆ చప్పుడునకే నిద్రపోయినది. నా సంచిగుడ్డ అట్టి చప్పుడులోనుండియే గదా వచ్చినదని నేను మాత్రము చాలసేపు వింటిని.

రెండవనాడు తెల్లవాఱకముందే బయలుదేరి పండ్రెండు కిలోమీటర్లు నడచి వేములవాడ చేరితిమి. ధర్మగుండమున స్నానములు, కోడెమ్రొక్కు, దర్శనము ముగియుసరికి ప్రొద్దు గ్రుంకినది. అచ్చట పడకచోటు నెన్నుకొనుటయే పెద్దపని. అందఱును బండపఱపు అరుగులపైకి పోదురు, శుభ్రముగా నుండునని. బండ పగలంతయు ఎండ త్రాగి రాత్రియంతయు క్రక్కును. చెట్టుక్రింది మట్టినేల త్వరగా చల్లారును. మూలవాగు వైపున వేపచెట్లక్రింద ఊడ్చుకొని, తుంగచాపలు పఱచుకొంటిమి.

అయితే మట్టినేలకు వేఱొక భయము కలదు. ఇది పాఠికలు శ్రద్ధతో వినవలసినది. కట్లపాము రాత్రివేళ తిరుగును, నేలపై పండుకొన్నవారి పడకలోనికి వచ్చును. దాని కాటు చీమకుట్టినంతయు నొప్పి పెట్టకపోవచ్చును. గాయము కనబడకపోవచ్చును. తెల్లవాఱుసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలుట, మాట ముద్దయగుట మొదలగును. అప్పుడు మంత్రమనియు పసరనియు గడియ జాఱవిడువక ఆస్పత్రికి తీసికొనిపోవలెను. మన దేశమున దొరకు విషపు విఱుగుడు మందు కట్లపామునకును పనిచేయును. అంతకంటె ముందు చేయదగినది దోమతెర. తెరయంచులు నలువైపుల చాపక్రిందికి మడిచి త్రొక్కివేయవలెను, వ్రేలాడవిడిచిన తెర ఉన్నను లేనట్లే. సంచిని సాయంకాలమే పఱచియుంచక పండుకొనబోవు నప్పుడే తిరుగవేసి దులిపి పఱచవలెను, తేలు చొచ్చుట కవకాశముండదు. మేము రెండు వేపచెట్ల నడుమ త్రాడు కట్టి మూడు తెరలు వ్రేలాడగట్టితిమి. ఒక్కొక్క తెర రెండువందల యేబది పడినది. సంచికి డబ్బు చాలనివారు సంచి మానుకొని తెరయే కొనవలెనని నా సలహా.

మా యత్తగారు తెరలోనికి వచ్చి సంచిప్రక్కన కూర్చుండి చాలసేపు జపము చేసికొనిరి. అరణ్యపర్వమున దమయంతి కథ ఆమెకు కంఠస్థము. ఇద్దఱికిని ఒక్కటే వలువ యైనప్పుడు నిద్రించుచున్న భార్య చీరచెఱగు కోసికొని నలుడు పోయినాడని చెప్పుచు, "గామెకు గట్ల నిద్రెట్ల పట్టెనో" అనిరి. తరువాత కాళ్ళు సంచిలో పెట్టిరి. మోకాళ్ళదాక. పిదప నడుముదాక. నేను చూడనట్లు అటు తిరిగి పండుకొంటిని. నడిరేయి నీళ్ళకై లేచి చూడగా నాడాలు మూడును ముడివేసికొని, పైటనుగూర్చిన చింతలేక, నోరు కొంచెము తెఱచి నిద్రించుచుండిరి. ఆమెను ఇంటిబయట అట్లు నిద్రింపగా నేనెన్నడును చూచియుండలేదు. పదునొకండేండ్లుగా ఆమెతో జాతరలకు పోవుచున్నాను.

తరువాతి రెండుదినములు చెప్పదగినంత లేదు. ఎండకు వెఱచి వేకువను, సాయంకాలమునను మాత్రమే నడచితిమి. ఒక పల్లె బడివరండాలో రాత్రి గడచినది. కాషాయములు దాల్చిన దీక్షాపరులు గుంపులుగా మమ్ము దాటిపోవుచుండిరి. వారిలో పలువురు ఉత్తనేలపైననే పండుకొనుట చూచి మా యమ్మాయి జాలిపడినది.

కొండగట్టున చోటు చాల ఇఱుకు. అంజన్న సన్నిధిని నలువదిదినములు సేవచేయుటకు రోగులను వెంటగొని వచ్చినవారుందురు, వారి కష్టముముందు మా పడకలమాట యెంత! బండలపై వేడిమి హెచ్చు గనుక చాపలు రెండేసి పఱచితిమి. ఇచ్చట కోతుల బెడద కలదు. బెల్లముగాని కొబ్బరిచిప్పగాని సంచిజేబులో నుంచరాదు. పట్టణమునుండి వచ్చిన యొక యువకుని వెలగల జాఱుడుసంచిని ఒక ముసలికోతి అరటిపండుకై చించి, లోని దూదియంతయు పెఱికి గాలిలో వదలినది. మా యత్తగారు తన ఆకుపచ్చసంచిని చుట్టచుట్టి చంకలో నిఱికించుకొని, దర్శనపు వరుసలోనికి కూడ తెచ్చిరి.

ఇంటికి వచ్చినపిదప సంచిని తిరుగవేసి ఉతికి ఎండలో వేసిన రెండుగంటలలో ఆఱినది. చెమటతో మడిచియుంచినచో ముక్కవాసన పట్టును. శివరాత్రికి వేములవాడ పోవువారికి ఈ సంచి యొక్కటే చాలదు. అప్పటి వేకువచలికి పైన గొంగడియో చెద్దరో కావలెను. మా వీథిలో ఇంక ముగ్గురు కొలతలు వ్రాసికొని పోయినారు. ఒకామె తన సంచికి ఎఱ్ఱగుడ్డ కావలెననుచున్నది.