సెలైను సీసా, ఉప్పుచక్కెర నీళ్ళు

కొత్త మందు ఒక వైద్యుని నుండి మరొక వైద్యునికి ఎట్లా చేరుతుంది? ఈ ప్రశ్నను 1950లలో అమెరికాలో కోల్మన్, కాట్జ్, మెంజెల్ అనే ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు చేపట్టారు. ఇల్లినాయ్ రాష్ట్రపు నాలుగు పట్టణాలలో 125 మంది వైద్యులను కలిసి, మందుల దుకాణాలలోని చీటీలు తిరగేసి, అప్పుడే వచ్చిన టెట్రాసైక్లిన్‌ను ఎవరు ముందు రాశారో, ఎవరు ఆలస్యం చేశారో లెక్క తీశారు. (దానికి ముందుతరం మందైన ఆరియోమైసిన్, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు అధిపతిగా ఉన్న లెడర్లీలో వెలువడింది. ఆ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను.) తోటి వైద్యులతో స్నేహం ఎక్కువగా ఉన్నవారే ముందు రాశారని వారు తేల్చారు. 2001లో మరో ఇద్దరు అవే లెక్కలను తిరిగి పరిశీలించి, కంపెనీల ప్రచారాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ స్నేహప్రభావం కనిపించడం లేదన్నారు.

గోదావరిఖనిలో పెరిగిన నాకు ఈ రెండవ మాటే నమ్మబుద్ధవుతుంది.

బొగ్గుబాయిలో దిగినవానికి ఒంట్లోని నీరు సగం చెమటగానే పోతుంది. ఆపై ఎండాకాలపు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మనిషి నిలవలేడు. అప్పుడు మా కాలనీవాళ్ళు క్లినిక్కుకు పోయి "ఒక సీసా ఎక్కియ్యండి సారూ" అని తామే అడిగేవారు. ఒక డాక్టరుగారు ఓ.ఆర్.ఎస్. పొట్లం చేతిలో పెడితే మా బాపు "ఉప్పునీళ్ళకు ఇంతదూరం రావాల్నా?" అని గొణిగి, పక్కవీధిలోని మరొక డాక్టరు దగ్గరికి నడిచాడు. అక్కడ సీసా వేలాడింది. బాపు సంతోషించాడు.

ఆ పొట్లం అల్పమైనది కాదు. 1971లో బంగ్లా శరణార్థుల బనగాఁవ్ శిబిరంలో కలరా చెలరేగి సెలైను నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో పోసి తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. తాగించినవారిలో ఎక్కువమంది రోగుల బంధువులే. తాగలేని స్థితికి చేరినవారికి సీసా తప్పదు, నిజమే. తక్కినవారికి ఆ నీళ్ళే చాలు. అయినా వైద్యులలో చాలామందికి నమ్మకం కుదరడానికి ఏళ్ళు పట్టింది.

పట్టదా మరి! సీసా ఎక్కిస్తే మంచానికి, సూదికి, కాంపౌండరుకు అంతో ఇంతో ముడుతుంది. పొట్లానికి వచ్చేది కొన్ని పైసలు. దాని కోసం సంచీ పట్టుకొని డాక్టర్ల గుమ్మాలెక్కే రిప్రజెంటేటివ్ ఎవరు? పైగా ఉత్త నీళ్ళిచ్చి పంపే డాక్టరును మరునాడు వెతుక్కొని వచ్చే రోగి ఎవరు? మా పొట్లం డాక్టరుగారు కూడా కొన్నాళ్ళకు సీసాలు వేలాడదీయడం మొదలుపెట్టారు. ఆయనకు తెలియక కాదు.

బియ్యపుపిండితో చేసిన ద్రావణం కలరాలో చక్కగా పనిచేస్తుందని తరువాతి ప్రయోగాలు తేల్చాయి. సీసా ఎక్కించుకొని వచ్చిన రాత్రి అమ్మ ఉప్పు వేసిన గంజి ఇస్తే, బాపు దానిని మందు అనుకోకుండానే రెండు గిన్నెలు తాగాడు.