సామాను జాబితాలో మొదటి పేరు

ఇల్లు మారేటప్పుడు మనం ఒక కాగితం తీసుకుని జాబితా రాసుకుంటాం. బీరువా, మంచాలు, గ్యాస్ పొయ్యి, ఆవకాయ జాడీలు, పిల్లల సర్టిఫికెట్లు. మరి మన ఇంట్లో పెరుగుతున్న మూగజీవి పేరు ఆ జాబితాలో ఎన్నో వరుసలో ఉంటుంది? నేను మొదటిసారి దూరప్రాంతానికి ఇల్లు మారినప్పుడు ఆ పేరు అసలు రాయనే లేదు. ఆ పొరపాటు నాకు నేర్పిన సంగతి చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు.

మావారు రైల్వే ఉద్యోగి. 1994లో ఆయనకు విశాఖపట్నం నుండి ఖరగ్‌పూర్‌కు బదిలీ అయింది. అప్పుడు మాకు మోతీ అనే కుక్క ఉండేది. వానలో తడుస్తున్న పిల్లను మా అబ్బాయి చొక్కాలో దాచి ఇంటికి తెచ్చాడు. ఆరేళ్లు అది మా గుమ్మం కాచింది. బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చాక ఇరవై రోజుల వ్యవధి ఉంది. లారీ మాట్లాడాం. పిల్లల టి.సి.లు తెచ్చాం. పాలవాడి బాకీ తీర్చాం. “మోతీ సంగతేమిటమ్మా?” అని అబ్బాయి అడిగినప్పుడల్లా “చూద్దాంలే” అన్నాను. చివరి రోజు సాయంత్రం చూసుకుంటే దానికి టికెట్టు లేదు, టీకా కాగితం లేదు. బండికి మూడు గంటలే ఉంది. పక్క క్వార్టరు వారిని అన్నం పెట్టమని బతిమాలి, కొంత డబ్బు వారి చేతిలో పెట్టి రిక్షా ఎక్కాం. మోతీ కాలనీ గేటు దాకా మా వెంట పరుగెత్తి వచ్చింది.

మూడు వారాలకు పక్కింటావిడ ఉత్తరం రాసింది. తాళం వేసిన మా గుమ్మం ముందే అది పడుకుంటోందట. పెట్టిన అన్నం ముట్టడం లేదట. కొత్తగా దిగినవారు కర్రతో తరిమారట. నాలుగు రోజులుగా కనిపించడం లేదట. ఆ ఉత్తరం నేను పిల్లలకు చదివి వినిపించలేదు. “మోతీ బాగుందట” అని చెప్పాను. అబ్బాయి నా ముఖంలోకి ఒకసారి చూశాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

కాలం గడిచింది. 2012 అక్టోబరులో మావారు ఖరగ్‌పూర్‌లోనే పదవీ విరమణ చేశారు. రాజమండ్రి దగ్గరి మా సొంత ఊరికి వచ్చేయాలని నిశ్చయించుకున్నాం. రిటైరైనవారు మామూలు అద్దె మీద నాలుగు నెలలు క్వార్టరులో ఉండవచ్చు గనుక సంక్రాంతి వెళ్లాక జనవరిలో బయలుదేరుదామనుకున్నాం. చలికాలాన్ని కావాలనే ఎంచుకున్నాం. రైల్లో కుక్కల్ని ఉంచే ఇరుకు గూటిలో ఎండాకాలపు ప్రయాణం వాటి ప్రాణం మీదికి తెస్తుంది.

అప్పటికి మా ఇంట్లో రాజా అనే ఏడేళ్ల కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. “ఊరకుక్క కోసం ఇంత హైరానా దేనికి? మన ఊళ్లో కుక్కలే లేవా?” అన్నారు చుట్టాలు. నేను జవాబు చెప్పలేదు. కాగితం తీసి మొదటి వరుసలో ‘రాజా’ అని, రెండో వరుసలో ‘పిల్లి’ అని రాశాను. బీరువా మూడో వరుసలోకి వెళ్లింది.

పిల్లి విషయంలో బాగా ఆలోచించాం. కుక్క మనిషిని అంటిపెట్టుకుంటుంది, పిల్లి తనకు తెలిసిన చోటును అంటిపెట్టుకుంటుంది. మా పిల్లి సగం రోజు ఎదురింట్లోనే గడిపేది. ఆ ఇంటి అమ్మాయి దాన్ని తనకు ఇమ్మని అడిగింది. రెండు నెలల ముందు నుండి దాని గిన్నెను వారి వరండాలోకి మార్చాం. పాలు అక్కడే, పడక అక్కడే. మేము బయలుదేరే నాటికి అది మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిపోయేది. వదిలి వెళ్లడం వేరు, అప్పగించి వెళ్లడం వేరు అని అప్పుడు తెలిసింది.

ఇక రాజా. ముందుగా పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లి రేబిస్ టీకా వేయించి, కార్డు రాయించుకున్నాం. ప్రయాణానికి ముందురోజు మళ్లీ వెళ్లి ఆరోగ్య ధృవపత్రం తీసుకున్నాం. మత్తుమందు ఇవ్వమని అడిగితే డాక్టరుగారు వద్దన్నారు. దానికి బదులు అలవాటు చేయమన్నారు. కొట్టువాని దగ్గర ఒక చెక్కపెట్టె కొని వరండాలో పెట్టాం. మొదటి వారం తలుపు తెరిచి ఉంచి అందులోనే అన్నం పెట్టాం. తర్వాత తలుపు వేసి ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట ఉంచాం. నెల తిరిగేసరికి మధ్యాహ్నం నిద్రకు తానే అందులోకి వెళ్లేది.

రైల్వే నిబంధన ఏమిటంటే, ఏ.సి. మొదటి తరగతిలో ఇద్దరికి సరిపడే కూపే గాని, నలుగురికి సరిపడే గది గాని మొత్తం మన పేరనే ఉంటే కుక్కను వెంట ఉంచుకోవచ్చు. టూ టైరు, త్రీ టైరు, స్లీపరు పెట్టెల్లోకి పెద్ద కుక్కను ఎక్కించకూడదు. అంత ఖర్చు భరించలేని మాలాంటివారికి గార్డుగారి పెట్టెలో కుక్కల కోసం ఒక గూడు ఉంటుంది. బండికి రెండు మూడు గంటల ముందే లగేజీ ఆఫీసుకు వెళ్లి డబ్బు కట్టి రసీదు తీసుకోవాలి. రసీదు లేకుండా పట్టుబడితే ఆరు రెట్లు వసూలు చేస్తారు. దారిలో నీళ్లూ తిండీ చూసుకోవలసింది మనమే.

బండి అర్ధరాత్రి దాటాక. ఆరు గంటల ముందే రాజాకు కొద్దిగా పెరుగన్నం పెట్టి ఆపేశాం. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1072 మీటర్ల పైచిలుకు పొడవు. ఆ జనవరికి ప్రపంచంలో అదే పొడవైనది. గోరఖ్‌పూర్‌ది దాన్ని మించింది ఆ ఏడాది చివర్లోనే. అంత పొడవులో గార్డు పెట్టె ఎక్కడ ఆగుతుందో కూలీని అడిగి ముందే అక్కడ నిలబడ్డాం. లేకుంటే ఆ కొద్ది నిమిషాల్లో అందుకోలేము. గూటిలో దాని పాత గోనెపట్టా ఉతక్కుండా వేశాం. తన వాసన తనకు ధైర్యం. తలుపు వేస్తుంటే ఒక్కసారి మూలిగింది, అంతే.

విశాఖపట్నంలో మా బండి దిశ మారుతుంది. ఇంజను విప్పి రెండో చివర తగిలిస్తారు. గార్డుగారు కూడా అటు చివరికి మారతారు. కుక్క ఉన్న పెట్టె ఇంజను పక్కకు వస్తుంది. మావారికి ఈ సంగతి తెలుసు గనుక, బండి ఆగగానే కొత్త గార్డుగారిని కలిసి మాట్లాడారు. (ఆ ఉద్యోగాన్ని 2022 నుండి ట్రైన్ మేనేజరు అంటున్నారు.) ఆయన మంచివారు. రాజాను తమ వైపు పెట్టెలోకి మార్చడానికి ఒప్పుకున్నారు. గొలుసు నేను పట్టుకున్నాను. ప్లాట్‌ఫారం ఈ చివర నుండి ఆ చివరకు జనంలో దాన్ని నడిపించుకుంటూ వెళ్లాను. నడుమ ఆగి గిన్నెలో నీళ్లు పోస్తే ఆబగా తాగింది. మోతీని వదిలి వెళ్లింది ఈ స్టేషను నుండే కదా అని అప్పుడు తట్టింది. పద్దెనిమిదేళ్లయినా నా కళ్లు ఆ రద్దీలో ఒక గోధుమరంగు కుక్క కోసం వెదికాయి.

సాయంత్రానికి ఊరు చేరాం. పదిహేను రోజులు రాజాను గొలుసు లేకుండా బయటికి పంపలేదు. కొత్త చోట వదిలితే కుక్కలు పాత ఇల్లు వెదుక్కుంటూ బయలుదేరి తప్పిపోతాయి. మెడపట్టీకి మా ఫోను నంబరున్న రేకు కట్టాం. ఆ ఊళ్లో అది మరో ఐదేళ్లు బతికింది.

చేరిన రాత్రి అబ్బాయి బెంగుళూరు నుండి ఫోను చేశాడు. సామాను అందిందా అని అడగలేదు. “రాజా దిగాడా అమ్మా?” అన్నాడు. “దిగాడు, అన్నం తిని పడుకున్నాడు” అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. ఈసారి నేను చెప్పింది నిజమని వాడికి తెలుసు.

మీలో ఎవరికైనా బదిలీ కాగితం వచ్చిందా? లారీ మాట్లాడకముందే, మీ గుమ్మంలో పడుకున్న ఆ జీవి పేరు మొదట రాయండి. వెంట తీసుకువెళతారో, మంచి చేతుల్లో అప్పగిస్తారో ఆరోజే నిర్ణయించుకోండి. చివరి రోజుకు వదిలేస్తే మన బదులు ఆ చివరి రోజే నిర్ణయిస్తుంది. దాని నిర్ణయంలో దయ ఉండదు.