అరుంధతి కనబడిందన్నాము



తెలుగు పండితుడిగా ముప్పై ఐదేళ్ళు పనిచేశాను. అందులో స్థూలారుంధతీ న్యాయాన్ని ఎన్నిసార్లు వివరించానో లెక్కలేదు. సూక్ష్మమైన అరుంధతిని నేరుగా చూపలేము కనుక, ముందు పక్కనున్న పెద్ద నక్షత్రాన్ని చూపి, దాని ఆసరాతో చిన్నదాని వైపు చూపును నడిపించడం. నల్లబల్ల మీద ఏడు చుక్కలు పెట్టి, ఆరవదైన వసిష్ఠుడి పక్కన సుద్దముక్క కొసతో ఇంకొక చిన్న చుక్క పెట్టేవాడిని. ఒక ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "మాస్టారూ, మీరు నిజంగా చూశారా?" అని అడిగింది. "చూడకపోవడమేమిటమ్మా, నా పెళ్ళినాడే చూశాను" అన్నాను. పిల్లలు నవ్వారు. అంతలో గంట కొట్టారు.

నా జవాబు అసత్యమని ఉద్యోగ విరమణానంతరం, ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక తెలిసింది.

మా అబ్బాయి నా కంప్యూటరులో స్టెల్లేరియం అనే సాఫ్టువేరు పెట్టి వెళ్ళాడు. ఫాబియన్ షెరో అనే ఫ్రెంచి దేశస్థుడు 2000లో మొదలుపెట్టినది, పూర్తిగా ఉచితం. తెర మీద ఆకాశమంతా పరుచుకుంటుంది. ఎఫ్6 మీట నొక్కితే ఊరు మార్చుకోవచ్చు, ఎఫ్5 నొక్కితే కాలం మార్చుకోవచ్చు. పంచాంగంలో అక్షరాలుగా మాత్రమే తెలిసిన రోహిణి, చిత్త, స్వాతి, జ్యేష్ఠ ఎక్కడెక్కడ ఉన్నాయో ఈ వయస్సులో దానిని చూసి నేర్చుకున్నాను. పునర్వసు ఒక్క చుక్క కాదని, జంట అని కూడా అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ వాటి పేర్లతో సమాసాలు చెప్పి మార్కులు వేసినవాడిని!

ఆ మధ్యాహ్నం సరదాకు మా పెళ్ళిరాత్రి ఆకాశాన్ని చూద్దామనిపించింది. 1981 నవంబరు, కార్తీక మాసం, రాత్రి పది దాటిన తరువాత. ఊరు మా మామగారిది, కృష్ణాతీరం. అంకెలు వేసి ఉత్తరానికి తిప్పాను. ధ్రువుడున్నాడు. సప్తర్షులు లేరు. తెర మీది నేలను తొలగించి చూస్తే ఏడుగురూ క్షితిజానికి దిగువన ఉన్నారు. కాలాన్ని ముందుకు జరుపుతూ పోతే, వసిష్ఠుడూ అరుంధతీ నేల దాటి పైకి వచ్చేసరికి రాత్రి రెండయింది.

కారణం క్లిష్టమైనదేమీ కాదు. మన కృష్ణాతీరం అక్షాంశం సుమారు 16 డిగ్రీలు. ధ్రువుడు మనకు అంత ఎత్తులోనే నిలుస్తాడు. లండను వంటి చోట్ల సప్తర్షులు ఏడాది పొడుగునా అస్తమించరు. మనకు మాత్రం ధ్రువుడి చుట్టూ తిరుగుతూ నేల కిందికి దిగిపోతారు. వైశాఖంలో చీకటిపడగానే ఉత్తరాన ఎత్తుగా కనిపించేవారు, కార్తీకంలో తెల్లవారుజాము దాకా దర్శనమివ్వరు. అయినా ఆ రాత్రి పురోహితుడు వేలు చూపాడు, మేమిద్దరం తల ఊపాము. పురోహితుడిని తప్పుపట్టను. పట్టపగలు పెళ్ళిళ్ళలోనూ చూపుతూనే ఉన్నారు కదా!

వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడను అడిగాను, "ఆ రాత్రి నీకు ఏం కనబడింది?" అని.

"ఏమీ కనబడలేదు. మీరు కనబడింది అన్నారని నేనూ అన్నాను."

"నువ్వు తల ఊపావని కదా నేను ఊపింది!"

ఆవిడ నవ్వలేదు. కాసేపు పప్పు ఏరుకుంటూ ఉండి, "అయితే ఇప్పుడు చూపించండి" అంది.

కార్తీకమే నడుస్తోంది. మరునాడు నాలుగున్నరకు లేచి మేడ మీదికి వెళ్ళాము. ఈశాన్యాన కొబ్బరిచెట్ల మీదుగా ఏడుగురూ నిలువుగా లేచి ఉన్నారు. తోక వైపునుంచి రెండవవాడిని చూపించాను. మా ఆవిడకు రెండేళ్ళ క్రితం శుక్లాల ఆపరేషను అయింది. కాసేపు నిదానించి, "ఉంది, చిన్నది" అంది. నాకు అనుమానం, ఎటు పక్కన అని పరీక్ష పెట్టాను. "పక్కన కాదు. కిందుగా, కాళ్ళ దగ్గర" అంది. సరిగ్గా అంతే. ఆ వేళకు తెర మీద అలాగే చూశాను, ఆవిడకు చెప్పలేదు.

నాకు మాత్రం ఒక్కటే మసక చుక్క. నా శుక్లాలు ఇంకా తీయించుకోలేదు. "నాకు కనబడలేదు" అన్నాను.

ఫోనును పిట్టగోడ మీద ఇటుకకు ఆనించి వరుసగా ఇరవై ఫొటోలు తీశాను. ఒక్కొక్కటీ నలకలమయం. డీప్‌స్కైస్టాకర్ అనే మరొక ఉచిత సాఫ్టువేరు వాటిని చుక్క మీద చుక్క వచ్చేలా పేర్చి సగటు తీస్తుంది. చుక్కలు ప్రతి ఫొటోలోనూ ఉంటాయి కనుక నిలుస్తాయి, నలకలు తలా ఒక చోట పడతాయి కనుక అణగిపోతాయి. వచ్చిన చిత్రాన్ని ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్‌కు పంపాను. ఊరు చెప్పక్కరలేదు, వేళ చెప్పక్కరలేదు. అది నాలుగేసి చుక్కలను తీసుకొని, వాటి ఆకృతిని తన పట్టికలతో పోల్చి, ఇది ఆకాశంలో ఫలానా చోటు అని తేలుస్తుంది. నాకది ఛందస్సులా తోచింది. పద్యం ఎవరిదో తెలియకపోయినా గురులఘువులు గుర్తించి, భరనభభరవ పడగానే ఉత్పలమాల అనమూ?

కొన్ని నిమిషాలలో ఫొటో తిరిగి వచ్చింది, చుక్కల పక్కన పేర్లతో. మిజార్, ఆల్కార్ అని అరబ్బీ పేర్లు. మిజార్ మన వసిష్ఠుడు, ఆల్కార్ అరుంధతి. 1857లో హార్వర్డులో జార్జి బాండ్ ఫొటో తీసింది కూడా ఈ జంటనేనట. సుమారు 80 కాంతి సంవత్సరాల దూరం. ఆ తెల్లవారుజామున మా మేడ మీద పడిన వెలుగు మేమిద్దరం పుట్టకముందు బయలుదేరినది.

ఫొటోను పెద్దది చేసి చూశాను. పెద్ద చుక్కకు దిగువన చిన్నది, విడిగా, స్పష్టంగా ఉంది. మా ఆవిడను పిలిచాను. కళ్ళజోడు సవరించుకొని చూసి, "నేను చెప్పిన చోటే ఉంది కదా" అని, "ఆపరేషనుకు ఎప్పుడు వెళదాం?" అంది.